ఒక్క సెలవు కూడా పెట్టని మనిషి

నా రిటైర్మెంటు సభలో డాక్టరు గారు మైకు పట్టుకుని, "ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఈ అమ్మ ఒక్క సెలవు కూడా పెట్టలేదండీ," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఏలూరు నుంచి కొత్తగా వచ్చి చేరిన నాలాంటి ఏఎన్ఎం నర్సులు ఇద్దరు కూడా కొట్టారు. వాళ్లలో ఒకమ్మాయి కళ్ల కింద నలుపు నాకు కనిపించింది. ఆ నలుపు నాకు తెలుసు.

అంతకు నాలుగేళ్ల ముందు, కొల్లేటి లంకల్లో నా సబ్‌సెంటర్‌తో పాటు పక్కదీ నేనే చూసేదాన్ని. అక్కడ మనిషిని వెయ్యలేదు. వరసగా నలభై ఆరు రోజులు, ఆదివారాలతో సహా. డైరీలో రాసుకున్నాను కాబట్టి ఈ అంకెలో తేడా లేదు. మూడుసార్లు సెలవు అడిగాను. మూడుసార్లూ ఈ డాక్టరు గారిది ఒకటే మాట: "కాస్త ఓపిక పట్టండమ్మా."

నలభై ఏడో రోజు బుధవారం, టీకాల రోజు. చర్చి వరండాలో ఒక పసివాడి తొడ పట్టుకుని సూది ఎత్తాను. తల్లి నా చెయ్యి ఆపింది.

"ఏవండీ, ఇప్పుడే కదండీ వేశారు. దూది ఇంకా నా చేతిలోనే ఉందండీ."

రిజిస్టర్ చూశాను. టిక్కు ఉంది. నేను పెట్టిందే. వేసినట్టు మాత్రం జ్ఞాపకం లేదు. ఏ బిడ్డకు ఏ టీకా ఎప్పుడు వేశానో రిజిస్టర్ తెరవకుండా చెప్పగలిగిన దాన్ని నేను.

సూది పక్కన పెట్టి, టీకాల పెట్టె మూసి, డాక్టరు గారికి ఫోను చేశాను.

"ఇవాళ ఇంక నేను వెయ్యనండీ. రేపటి నుంచి ఏడు రోజులు రాను."

"మిగిలిన పిల్లలకి ఎవరు వేస్తారమ్మా? ఓపిక పట్టండి."

"పట్టడానికి ముందు ఒంట్లో ఉండాలి కదండీ ఓపిక. నాది అయిపోయింది. మీకుంటే మీరే రండి."

ఆ తల్లి బిడ్డను భుజాన వేసుకుని నవ్వింది. "ఇవాళ్టి సూది డాక్టరు గారికి పడిందండీ."

ఆయన వచ్చారు. పదకొండు మందికి ఆయనే వేశారు. నాకు మెమో ఇచ్చారు. తాడేపల్లిగూడెంలో మా అక్క ఇంట్లో రెండు రోజులు అన్నానికి తప్ప లేవలేదు. ఎనిమిదో రోజు డ్యూటీలో చేరాను. మెమో డైరీలోనే ఉంది.

సభలో మైకు నా చేతికి వచ్చింది.

"లెక్క తప్పండీ. నేను మూడు వందల పన్నెండు సెలవులు పెట్టాను. అడిగినా ఇవ్వనివి వేరే రాశాను." తర్వాత ఆ కళ్ల కింద నలుపున్న అమ్మాయిని అడిగాను. "నువ్వు చివరిసారి సెలవు ఎప్పుడు పెట్టావమ్మా?"

ఆమె డాక్టరు గారి వైపు చూసింది.

"అటు కాదు, ఇటు చూసి చెప్పు."

వేళ్ల మీద వారాలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. రెండో చెయ్యి కూడా కావాల్సి వచ్చింది. నా డైరీలోంచి కాగితం చింపి, పెన్ను ఇచ్చి, అక్కడే సెలవు చీటీ రాయించాను. డాక్టరు గారు సంతకం పెట్టేదాకా మైకు వదల్లేదు.