ఎనిమిదో కప్పు

మా అమ్మాయి ఐదో క్లాసు సైన్స్ ఫెయిర్‌కి పెరుగును ఎంచుకుంది. ఫ్రిస్కోలో మా ఇంట్లో పాలు తోడుకునేది ఓవెన్‌లోనే. ఓవెన్ వేడి చెయ్యం, లోపలి బల్బు వేసి ఉంచుతాం, ఆ వెచ్చదనం చాలు. అంకెలు అంటించిన ఎనిమిది కప్పుల్లో ఒకే పాలు, ఒకే చెంచాతో తోడు. అరగంటకోసారి కప్పు వంచి చూడాలి, కదలకపోతే తోడుకున్నట్టు.

ఏడు కప్పులు తోడుకోడానికి ఐదున్నర నుంచి ఆరు గంటలు పట్టింది. ఎనిమిదోది నాలుగు గంటల్లోనే గట్టిపడి కూర్చుంది. ప్రాజెక్టంతా పాడైందని పిల్ల ముఖం వాడిపోయింది.

ఆఫీసులో రోజంతా డేటా శుభ్రం చేసే మనిషిని. తేడా అంకె కనబడితే నా చెయ్యి ఊరుకోదు. "అది అవుట్‌లయర్, బంగారం, మిగతావాటితో కలవని అంకె, తీసేస్తే యావరేజ్ నీట్‌గా వస్తుంది" అంటూ ల్యాప్‌టాప్‌లో ఆ వరస చెరిపేశాను.

"బట్ డాడీ, అది రాంగ్ అని నీకెలా తెలుసు?"

ఇన్నేళ్ల ఉద్యోగంలో నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు. చిరాకేసింది కూడా.

ఓవెన్ తలుపు తీసి ఇద్దరం వంగి చూశాం. ఎనిమిదో కప్పు పెట్టిన చోటు సరిగ్గా బల్బు పక్కన. అంతే, నాకెక్కడలేని హుషారు వచ్చింది. తేడా కప్పుదా, చోటుదా? తర్వాతి శనివారం ఇర్వింగ్‌లో క్రికెట్ మానేశాను. మళ్లీ అలాగే పాలు తోడేసి, ఈసారి మూడో కప్పును బల్బు పక్కకి, ఎనిమిదోదాన్ని తలుపు దగ్గరికి మార్చాం. తోడేసి నాలుగు గంటలయ్యేసరికి ఇద్దరం వంటింట్లో నేల మీద ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. తను మూడో కప్పు వంచింది. కదల్లేదు. ఎనిమిదోదాంట్లో పాలు పాలలాగే ఊగాయి. ఇద్దరం గంతులేశాం. "పెరుక్కి ఇంత గోలేంటి" అని మా ఆవిడ నవ్వింది.

"మరి మిగతా సెవెన్ ఎందుకు సేమ్ టైమ్‌కి రావు?" అంది అమ్మాయి.

"ఎన్నిసార్లు చేసినా ఆ అరగంట అటూ ఇటూ అవుతుంది, అది మామూలే. ఇంత పెద్ద తేడా వస్తేనే వెతకాలి" అన్నాను, అదేదో నాకు ఎప్పట్నుంచో తెలిసినట్టు.

ఫెయిర్‌లో జడ్జిగారు గ్రాఫ్‌లో దూరంగా ఉన్న చుక్క చూపించి, దీన్నెందుకు ఉంచావని అడిగారు. మా అమ్మాయి నావైపు వేలు చూపింది.

"మా డాడీ డిలీట్ చేశాడు, నేను మళ్లీ పెట్టాను" అని ఇంగ్లీషులో చెప్పింది.

నిజమేనండీ అన్నట్టు తలూపాను.