పితికిన పప్పు ప్యాకెట్లు

కాలిబాట మీద రాతి పలక ఊగి నా చీలమండ విరిగింది. వాపు తగ్గితేనే ఆపరేషన్ చేస్తానని, సోమవారం దాకా కాలు ఎత్తులో ఉంచి, గుడ్డలో చుట్టిన ఐసు ఇరవై నిమిషాల చొప్పున రోజుకు నాలుగైదు సార్లు పెట్టమని డాక్టరు చెప్పాడు. మరీ ఆలస్యమైతే ఎముక వంకరగా అతుక్కుంటుందట. నా భయమంతా అదే.

ఐసుకి మా ఫ్రీజరులో చోటేదీ? అనపగింజలు నానబెట్టి, ఒక్కొక్కటే పొట్టు పితికి, ఆ పప్పును ప్యాకెట్లు కట్టి దొడ్డబళ్ళాపురంలో ఉన్న కూతురి కోసం దాచారు మా అత్తగారు. ఒక్కటి కూడా కదపనివ్వలేదు. మూలన ఇరికించిన చిన్న ట్రేతోనే నెట్టుకొచ్చాను.

"చలువ ఎముకలోకి దిగితే జన్మలో పోదమ్మా," అనేవారు. ఆవిడకు కీళ్లవాతం. చేతులు కడుక్కోవడానికి కూడా వేడినీళ్లే కావాలి. నాది అలాంటి నొప్పి కాదని చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది.

సోమవారం డాక్టరు కట్టు విప్పి చూస్తే వాపు వాపులాగే ఉంది. ఐసు పెట్టారా అని అడిగాడు. గడియారం చూసి మరీ పెట్టానన్నాను.

"పెడతానే ఉండాది డాక్టరప్పా," అన్నారు అత్తగారు, ఏ జంకూ లేకుండా. "మాత్ర మింగి పండుకోగానే ఆ చలువంతా నేనే ఉప్పుమూట వేడిచేసి కాపడం పెట్టి తీసేస్తా ఉండాను."

నాకు ఒళ్లు మండిపోయింది. డాక్టరు మాత్రం నెమ్మదిగానే చెప్పాడు. కొత్త దెబ్బకి వేడి తగిలితే వాపు పెరుగుతుంది, ఉబ్బిన చర్మాన్ని కోస్తే గాయం మానదు, గురువారానికీ తగ్గకపోతే ఎముకను సరిగ్గా కూర్చోబెట్టడం కష్టం.

ఇంటికి రాగానే ఆవిడ ఫ్రీజరు తెరిచారు. రెండు పప్పు ప్యాకెట్లు తీసి, పలుచటి తువ్వాళ్లు చుట్టి, నా చీలమండకు అటొకటి ఇటొకటి ఆనించి, రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు. ఇరవై నిమిషాలూ కదల్లేదు. మధ్యాహ్నం ఇంకో రెండు, సాయంత్రం ఇంకో రెండు. మూడు రోజులూ అదే పని. కరిగి మళ్లీ గడ్డకట్టిన ఆ పప్పు ఇక కూరకు పనికిరాదని తెలిసీ ఆవిడ ప్యాకెట్లు మారుస్తూనే ఉన్నారు.

గురువారానికి వాపు దిగి నా కాలి చర్మం మీద ముడతలు కనిపించాయి. రేపు చేసేద్దామన్నాడు డాక్టరు. లేవడానికి ఆవిడ చెయ్యి అందుకున్నాను. వేళ్లు కణుపుల దగ్గర ఉబ్బిపోయి ఉన్నాయి, ముడుచుకోవడం లేదు.

"తువ్వాలుతో కట్టేసి ఉంటే సరిపోయేది కదా అత్తమ్మా," అని విసుక్కున్నాను.

"జారిపోతాదమ్మా," అన్నారు.