మట్టికట్టలో వేలిముద్ర

దయ్యాలంటే నాకు భయం లేదు. నమ్మకం అసలే లేదు. మరాఠీ గడ్డమీద తెలుగోళ్ళ బీడీల వాడ మా నీలం నగర్. ఇక్కడ ఆడమనిషికి జ్వరం వస్తే గాలి సోకిందంటారు. పొద్దుందాకా వంగి కూర్చుని బీడీలు చుట్టే మనిషికి జ్వరం రాక ఏమొస్తుందని పోట్లాడేదాన్ని. అట్లాంటి నేను ఇది చెబితే ఇంట్లోవాళ్ళే నవ్వుతున్నారు. నవ్వనీ.

ముందు నా ఎడమ బొటనవేలి సంగతి చెప్పాలి. తొమ్మిదేళ్ళప్పుడు బీడీ ఆకు కత్తిరిస్తుంటే కత్తెర జారి తెగింది. కొడవలిలా వంకర తిరిగిన గాడి మిగిలింది. దాని కొన రెండుగా చీలి ఉంటుంది. నలభై ఏళ్ళు ప్రతి కాగితం మీదా ఆ వేలితోనే ముద్ర వేశాను. కిందటేడు మా వాడ సాయంత్రం బడిలో తెలుగు, మరాఠీ అక్షరాలు నేర్చుకున్నాను. సంతకం వచ్చిన రోజే, చచ్చేదాకా ఇక వేలిముద్ర వేయనని ఒట్టు పెట్టుకున్నాను.

ఈ చలికాలంలో బడి ఆడవాళ్ళం పన్నెండుమందిమి భీమా నది ఒడ్డుకు వెళ్ళాం. అవతలి రాజ్యం సైన్యం నది దాటి రాకుండా పూర్వం కట్టిన మట్టికట్ట ఉందక్కడ. మా మిద్దె కంటే ఎత్తు. దారి కోసం ఒకచోట యంత్రంతో కొత్తగా కోశారు. పక్కన మరాఠీ బోర్డు ఉంటే నేనే గట్టిగా చదివి తెలుగులో చెప్పాను. మహారాజు ఈ కట్టను స్వహస్తాలతో నిర్మించాడట.

నాతోపాటు బీడీలు చుట్టే నర్సవ్వ ఊరుకోలేదు. "అయ్యో, రాజుగారి చేతులు బొబ్బలెక్కినయో ఏమో! మట్టితట్ట గూడ ఆయనే మోసిండా అక్కా?"

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఈ వయసులో కళ్ళు పొడుచుకుని అక్షరాలు దిద్దింది ఈ అబద్ధం చదవడానికా?

కోసిన చోటికి వెళ్ళాను. లోపల మట్టిముద్దలు ఒకదానిమీద ఒకటి అదిమి పెట్టి ఉన్నాయి. వాటి నిండా వేళ్ళ గుర్తులు. పట్టపగలు, పదకొండు గంటలు. నా ఛాతీ ఎత్తులో ఒక బొటనవేలి ముద్ర కనిపించింది. అందులో కొడవలిలా ఒక మట్టిగీత పొంగి ఉంది. దాని కొన రెండుగా చీలింది.

నా వేలు పెట్టాను. ఆ గీత నా గాడిలో సరిగ్గా కూర్చుంది.

గోటితో గీకి చూశాను. మట్టి ఇటుకలా గట్టిగా ఉంది, రాలలేదు. దాని పైన నా ఎత్తుకు మించిన మట్టి ఉంది. నర్సవ్వ తన వేలు పెట్టింది, పట్టలేదు. మిగతావాళ్ళవీ పట్టలేదు.

"నువ్వు ఈడికి ఎప్పుడొచ్చినవ్ అక్కా?" అంది నర్సవ్వ. ఈసారి ఆమె గొంతులో వేళాకోళం లేదు.

ఇంతలో కాపలా మనిషి, చూడ్డానికి వచ్చినవాళ్ళ పేర్లు రాసే పుస్తకం తెచ్చాడు. నా తెల్లజుట్టు చూసి సిరా డబ్బా ముందుకు తోశాడు. "మావశీ, అంగఠా లావా" అన్నాడు. వేలిముద్ర వేయమని! పెన్ను లాక్కుని, పేజీలో సగం పట్టేంత పెద్ద అక్షరాలతో నా పేరు రాశాను. కట్టలో ముద్ర చూపిస్తే, ఎవరో పిల్లలు చేసి ఉంటారన్నాడు.

ఇంటికొచ్చాక కోడలు, "నీకు ఎండ కొట్టింది అత్తమ్మా, నిమ్మకాయ తిప్పి పారేద్దాం" అంది. చలికాలంలో ఎండదెబ్బ! నోరు విప్పకుండా వేలు అద్దితే నలభై ఏళ్ళు అందరూ నమ్మారు. ఇప్పుడు నోరు విప్పి చెబితే నిమ్మకాయ తెస్తారు.

అక్కడ నర్సవ్వ తీసిన ఫొటో ఆమె ఫోన్లో ఉంది. ముద్ర ఉన్నచోట నా చెయ్యి అడ్డం వచ్చింది.

రెండు వారాల తర్వాత మా పంతులమ్మను వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళాను. కోసిన గోడంతా సిమెంటు పూశారు. దానిమీద గుర్రమెక్కిన రాజు బొమ్మ వేశారు. ముద్ర ఉన్నచోట ఇప్పుడు గుర్రం డెక్క ఉంది.

నా మచ్చ ఆ మట్టిలోకి ఎట్లా వెళ్ళిందో నాకు ఈరోజుకీ అర్థం కాలేదు. ఆ ముద్ర ఎవరిదని అడిగితే చెప్పలేను. రాజుగారిది మాత్రం కాదు.