మేష్ట్రు పాస్‌పోర్టు ఉతికిన కథ

ఆ రోజుల్లో, అంటే కరోనా తగ్గి విమానాలు మళ్ళీ తిరగడం మొదలైన కొత్తలో, నాకు కాలు ఒక్కచోట నిలిచేది కాదు. ఇల్లు, పని, మళ్ళీ ఇల్లు అంటూ రెండేళ్ళు గడిపి ఉన్నాను మరి. ఆ తొందరలోనే ఒక తప్పు చేశాను. నా స్నేహితుడి పాస్‌పోర్టును ఉతికాను. జేబులో మరిచిపోయి ప్యాంటుతో పాటు ఉతకడం కాదు (చాలామందికి అలాగే చెప్పుకున్నాను, ఇక్కడ నిజం రాస్తున్నాను). పట్టపగలు, చేతికి గ్లౌజు తొడుక్కుని, మందు పెట్టి మరీ ఉతికాను.

మేము ముగ్గురం బళ్ళారిలో కలిసి కాలేజీ చదివినవాళ్ళం. నేను జీన్స్ వాషింగ్ యూనిట్లో సూపర్‌వైజర్ని. రెండోవాడు సిరుగుప్ప దగ్గర కాలువ కింద వరి పండించే రైతు. వాళ్ళ తాతలు గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారు. తర్వాత మా చెల్లెల్ని చేసుకుని నాకు బావ అయ్యాడు. మూడోవాడు తెక్కలకోట బడిలో భూగోళం చెప్పే మేష్ట్రు (మా వైపు మాస్టారును అలాగే పిలుస్తాం). పెళ్ళిళ్ళు కాకముందు ఒకసారి ముగ్గురం శ్రీలంక పోయాం. దిగిన రోజే మేష్ట్రుకు జ్వరం తగిలింది. మేము ఊరంతా తిరిగి వచ్చేసరికి ఆయన మంచం మీద పడుకుని పైకి చూస్తూ ఉండేవాడు. "శ్రీలంకలో ఏం చూసినావు మేష్ట్రూ?" అని ఎవరైనా అడిగితే "ఫ్యాను. మూడు రెక్కలు ఉండె" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు గానీ, ఏళ్ళ తరబడి పిల్లలకు దీవులు, అఖాతాలు బోర్డు మీద గీసి చూపించిన మనిషి తాను ఒక్కసారైనా వాటి మధ్య పడవలో తిరగలేదే అన్న బాధ లోపల ఉండేది. ఆ తర్వాత పెళ్ళిళ్ళు, పిల్లలు, వాళ్ళ ఫీజులు, ఆపైన కరోనా. పదిహేనేళ్ళు ఎలా పోయాయో తెలియదు.

ఈసారి వియత్నాం అని తేల్చింది మేష్ట్రే. సముద్రంలో వందల కొద్దీ రాతి గుట్టలు నిలబడి ఉంటాయట, వాటి మధ్య పడవలో తిప్పుతారట. "రాళ్ళ గుట్టల కోసం అంత దూరం ఎందుకండీ మేష్టారూ, బళ్ళారిలో మనకి లేనివా?" అన్నాడు బావ. "మనవి నీళ్ళల్లో లేవు కదప్పా" అన్నాడు మేష్ట్రు. అంతటితో వాదన ముగిసింది.

కొత్త పాస్‌పోర్టులు మూడూ నా దగ్గరే పెట్టుకున్నాను. ఇంకొకరి చేతిలో ఉంటే నాకు నిద్ర పట్టదు. ప్రయాణానికి రెండు రోజుల ముందు వాటిని దుర్గమ్మ గుడికి తీసుకుపోయాను. మా ఊళ్ళో కొత్త బండి అయినా, కొత్త కుట్టు మిషను అయినా అమ్మవారి బొట్టు పడందే కదలదు. పూజారి రెండింటికి అట్టల మీద బొట్టు పెట్టాడు. మూడోది నేను ఊరుకోలేక తెరిచి, పేరు సరిగా ఉందో లేదో పదోసారి చూస్తున్నాను. ఆయన వేలు అలవాటుగా ముఖం కనిపించిన చోటికి పోయింది. మేష్ట్రు ఫోటోకు, సరిగ్గా నుదుటి మీద, నూనె కలిపిన కుంకుమ బొట్టు. బాగానే ఉందనుకుని మూశాను. ఇంటికొచ్చి తెరిస్తే అది చెవి దాకా పాకింది.

తెలివైనవాడైతే అక్కడ ఆగి, మెత్తటి గుడ్డతో తుడిచి ఊరుకునేవాడు. నేను ఇరవై ఏళ్ళుగా మరకలు తీసి బతుకుతున్నవాణ్ణి. యూనిట్‌కు తీసుకుపోయి, దూదికి జీన్స్ రంగు వెలిసే మందు కాస్త అద్ది రుద్దాను. కుంకుమ పోయింది. దాంతో పాటు పేజీ మీది పొర అంచు లేచి, మందు లోపలికి దిగి, మేష్ట్రు ఎడమ చెవి, పుట్టిన ఊరు పోయాయి (మా యూనిట్లో అలా వెలిసిన ప్యాంటుకు గిరాకీ ఎక్కువ). చెవి లేకపోతేనేం, ముఖం ఉంది కదా అని నాకు నేనే చెప్పుకుని, కవర్లో దాచి, బెంగళూరు విమానాశ్రయంలో క్యూ దాకా ఎవరికీ ఇవ్వలేదు.

కౌంటర్లో అధికారి ఆ పేజీని వెలుతురుకు ఎత్తి చూశాడు. వేలితో పొర అంచు లేపాడు. "ఇదెలా అయింది?" అని కన్నడంలో అడిగాడు. మేష్ట్రు తన ముఖాన్ని తానే వింతగా చూసుకున్నాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను గేటు నంబర్ల బోర్డు చదువుతున్నాను. అప్పుడు నోరు తెరిచి ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు. తెరవలేదు. చెబితే నన్ను కూడా ఆపేస్తారేమో, పదిహేనేళ్ళ తర్వాత వచ్చిన ప్రయాణం పోతుందేమో అన్న భయం. "వానకు తడిసిందేమో సార్" అన్నాడు మేష్ట్రు మెల్లగా. అది ఎండాకాలం.

ఆయన్ని పోనివ్వలేదు. చేతిలో ఉన్న కరకరలాడే జొన్న కడక్ రొట్టెలు, శెనక్కాయల పొడి సంచి బావకిచ్చి, "ఆడ తినేకి ఏం దొరుకుతాదో ఏమో. పోయి రాండప్పా. నేను ఫోటోలు సూస్తాలే" అని వెనక్కి తిరిగాడు. నేను విమానం ఎక్కాను.

వియత్నాంలో నాలుగు రోజులూ నాకు కూర్చుంటే లేవాలని, లేస్తే నడవాలని. పడవలో అటు పోతాను, ఇటు వస్తాను. "ఒక్కచోట కూర్చోరాదా బావా, పడవ ఊగిపోతోంది. ఆ కొండలు వాటంతటవే వస్తాయి, నువ్వు ఎదురెళ్ళక్కర్లేదు" అన్నాడు బావ. నీళ్ళలో నిలబడ్డ ఆ గుట్టలు నిజంగానే గొప్పగా ఉన్నాయి. అదే నా బాధ. మేష్ట్రు ఇచ్చిన రొట్టె విరిచి, తినకుండానే మళ్ళీ సంచిలో పెట్టేశాను. బావతో నిజం చెప్పేశాను. బావ రొట్టెల సంచి ముడివేసి, "నాతో చెప్పి ఏం లాభం?" అన్నాడు.

తిరిగొచ్చిన మర్నాడే తెక్కలకోట బస్సెక్కాను. మేష్ట్రు ఇంటి ముందు పిల్లల నోటు పుస్తకాలు దిద్దుతున్నాడు. నిలబడే అంతా చెప్పాను. ఆయన తలెత్తలేదు.

"తెలుసులేప్పా. ఆ పుట తెరిస్తానే మీ యూనిట్ వాసన వచ్చె."

"మరి అప్పుడే ఎందుకు అనలేదు?"

"నువ్వు అంటావేమోనని సూస్తా ఉంటి."

ఎర్ర పెన్నుతో ఇంకో పుస్తకం దిద్దాడు. "తప్పు చేసింది బాధ కాదప్పా. బోర్డు సూస్తా నిలబడితివే, అది" అన్నాడు. తర్వాత లోపలికి చూసి, "ఏమే, వీనికి కాఫీ పెట్టు" అన్నాడు.

ఆ వారమే పాస్‌పోర్టు ఆఫీసుకు ఆయన వెంట పోయి, ఇది నేను చేసిన పని అని తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టాను. అక్కడి ఆఫీసరమ్మ అది రెండుసార్లు చదివి, "జీన్స్‌కు వాడే మందా?" అని అడిగింది. అవునన్నాను. ఆమె నవ్వు ఆపుకోవడానికి నీళ్ళు తాగింది. మరుసటి ఎండాకాలం సెలవులకు బావనూ మేష్ట్రునూ వియత్నాం పంపాను. నన్నూ రమ్మన్నారు. నా వంతు అయిపోయిందని చెప్పి, వాళ్ళిద్దరూ లోపలికి పోయేదాకా విమానాశ్రయం అద్దాల బయట నిలబడి, బస్సులో బళ్ళారి వచ్చేశాను.

రెండు రోజులకు యూనిట్లో ఉండగా వీడియో కాల్ వచ్చింది. పడవ ముందు భాగంలో మేష్ట్రు, తలకు తువ్వాలు చుట్టుకుని. "సూడప్పా, ఇది సున్నపు రాయి. నీళ్ళు తినేసి ఇట్ల అయిండాది. దూరంగా, ఆ రెండు గుట్టల మధ్య సూడు, కనపడతాండాదా?" అన్నాడు. మిషన్లు ఆపించి, ఒక గోడ వారగా కూర్చుని, ముప్పావు గంట పాఠం కదలకుండా విన్నాను. చివర్లో ప్రశ్నలు కూడా అడిగాడు, రెండు తప్పు చెప్పాను. అవన్నీ ముందే చూసినవేనని నేను ఒక్కసారి కూడా అనలేదు.