నీళ్ల భయం నుంచి నన్ను విడిపించిన దేవుడు

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, నీళ్లతో కరెంటు పుట్టించే చోట ఉద్యోగం చేస్తూ నీళ్ల చప్పుడుకే వణికిపోయే మనిషిని మీరెక్కడా చూసి ఉండరు, కొన్నేళ్ల కిందట నేను అలాంటి మనిషిని. బకెట్లో నల్లా నీళ్లు పడుతుంటే ఇంట్లోంచి బయటికి పోయేవాణ్ణి, వాన మొదలైతే తలుపులన్నీ బిగించేవాణ్ణి, లక్సెట్టిపేట నుంచి డ్యూటీకి పోయే బస్సు గోదావరి వంతెన ఎక్కగానే కళ్లు మూసుకుని ధర్మపురి వచ్చాక తెరిచేవాణ్ణి, పక్క సీటువాళ్లేమో నేను భక్తితో ప్రార్థన చేసుకుంటున్నానని కొంచెం జరిగి చోటిచ్చేవారు.

నేను సివిల్ ఇంజనీరును. కరీంనగర్ వైపు కాలువ మీదున్న ఒక చిన్న జలవిద్యుత్ కేంద్రంలో నా పని. కాలువ నీళ్లు పెద్ద ఇనుప గొట్టంలో కిందికి ఉరికి టర్బైన్‌ను తిప్పుతాయి, ఆ గొట్టం, దాని గేట్లు, చుట్టూ ఉన్న సిమెంటు కట్టడాలు నా బాధ్యత. ఎండాకాలం కాలువ బంద్ చేసినప్పుడు గొట్టం ఖాళీ చేసి, తుప్పు గీకి, రంగు వేస్తారు. మళ్లీ నీళ్లు వదిలేముందు ఇంజనీరు ఒక్కడే లోపలికి పోయి, ఆ చివరిదాకా నడిచి, మనిషిగానీ పనిముట్టుగానీ లోపల మిగల్లేదని చూసుకుని రావాలి. అతను బయటికొచ్చి చేయి ఊపితేనే గేటు ఎత్తుతారు. మా దగ్గర ఇది మొదటి నుంచీ వస్తున్న కట్టుబాటు, తనకు బదులు ఇంకొకరిని పంపే ఇంజనీరుకు అక్కడ మర్యాద ఉండదు.

ఒక ఏడు నేను అలా నడుస్తుండగా నీళ్లు కారకుండా పైగేటు కింద అమర్చిన రబ్బరు ఊడి, నీళ్లు లోపలికి వచ్చేశాయి. చూస్తుండగానే ఛాతీ దాకా వచ్చాయి, టార్చి ఎక్కడో పడిపోయింది, పనివాళ్లు విసిరిన తాడు దొరకబుచ్చుకుని బయటపడ్డాను. ఒంటి మీద గీత కూడా పడలేదు. దేవుడు కాపాడాడని అందరూ అన్నారు, నేనూ అన్నాను, కానీ ఆ రోజు నుంచే ఈ భయం పట్టుకుంది. మా బాపు బెల్లంపల్లిలో బొగ్గుబాయి కార్మికుడు, ఒంట్లో శక్తి ఉన్నన్నాళ్లూ భూమి లోపలికి దిగి వచ్చిన మనిషి, ఆయన కడుపున పుట్టి నల్లా చప్పుడుకు బెదిరిపోతున్నానే అని ఎంత సిగ్గుపడ్డానో చెప్పలేను. డాక్టరు మాత్రలిస్తే నిద్ర పట్టింది గానీ భయం పోలేదు. రేపు ఎండాకాలం వస్తే ఆ గొట్టంలోకి ఎలా దిగాలి, దిగకపోతే ఇంజనీరునని ఏ ముఖంతో చెప్పుకోవాలి, ఇదే నా బెంగ.

మా చర్చి సంఘమంతా నా కోసం ఉపవాసముండి ప్రార్థించింది. అందరికంటే పెద్దామె లచ్చవ్వ మోకాళ్లూని, "అయ్యా, గీ బిడ్డను ఆ నీళ్ల కాడికెల్లి తియ్యి తండ్రీ, ఏదన్న ఆఫీసుల కుర్సీ మీద కూసోబెట్టు" అని కన్నీళ్లతో అడిగింది. దేవుడు ఆ మాట విన్నాడు. నెల తిరక్కముందే కరీంనగర్ ఆఫీసుకు బదిలీ అయింది, మేము కృతజ్ఞతా కూడిక పెట్టి బగారన్నం వండి అందరికీ వడ్డించాం. సహోదరులారా, ఆ ఆఫీసులో నేను కుర్చీలో కూర్చున్న మొదటి రోజే మిద్దె మీది ట్యాంకు నిండి, నా కిటికీ పక్క నుంచే నీళ్లు ధారగా పడ్డాయి. నేను ఫైలు అక్కడే వదిలేసి మెట్ల మీద కూలబడ్డాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ సునీత, "భయం మీ లోపట ఉన్నది, ఉద్యోగంల లేదు. మనమే వేరేది అడిగినం. ఈసారన్న సక్కగ అడుగుదాం" అంది. ఆదివారం లచ్చవ్వకు చెప్పాం. ఆమె ఏమీ నొచ్చుకోలేదు, నవ్వి, నా తల మీద చెయ్యి పెట్టి, "తండ్రీ, నేనే తప్పడిగిన. గీ బిడ్డను యాడికి తియ్యకు. నువ్వే బిడ్డ తోటి పో" అని ప్రార్థించింది.

నేను పాత చోటికే పంపమని పైవాళ్లను అడిగాను. పట్నంలో ఫ్యాను కింది ఉద్యోగం వదులుకుంటానన్న నన్ను వాళ్లు ఎగాదిగా చూసి, సరే పొమ్మన్నారు.

ఎండాకాలం వచ్చింది. రంగు పని అయిపోయింది, పనివాళ్లందరూ బయటికి వచ్చేశారు, ఇక నేను లోపలికి పోవాలి. గొట్టం మూతి దగ్గర నిలబడి టార్చి వెలిగిస్తూ ఆర్పుతూ ఉండిపోయాను. నా సంగతి అక్కడ ఎవరికీ తెలియదనే అప్పటిదాకా అనుకున్నాను. అంతలో, పైన గేటు దగ్గర ఉండాల్సిన ఆపరేటర్ మల్లయ్య మెట్లు దిగి వచ్చి, గొట్టం మూతి పక్కనే నేల మీద చతికిలపడి, గేటు తాళంచెవి ఒడిలో పెట్టుకున్నాడు. "సార్, తాళంచెయ్యి నా ఒళ్లె ఉన్నది. మీరు బయటికొచ్చేదాక గీడికెల్లి లేవ. ఏం ఫికర్ చెయ్యకుండ్రి, మీ దేవున్ని యాద్‌జేసుకొని పోండ్రి" అన్నాడు. మిగతావాళ్లు విననట్టు అటూ ఇటూ చూశారు. నాకు తాడు విసిరిన రోజు నుంచి వాళ్లందరికీ తెలుసని అప్పుడు అర్థమైంది. ఒక్కరు కూడా ఎప్పుడూ నన్ను చిన్నబుచ్చలేదు.

లోపలికి పోయాను. సగం దూరం పోయేసరికి ఇక వెనక్కి తిరుగుదామనుకున్నాను. "ప్రభువా, నా తోడు వస్తావని కదా లచ్చవ్వ అడిగింది, ఎక్కడున్నావయ్యా" అని అక్కడే నిలబడి ఏడ్చాను. వెనక నుంచి మల్లయ్య కేక గొట్టమంతా మోగుతూ వచ్చింది. "సార్, నేను గీడనే ఉన్న."

నేను మెల్లగా చేసిన ప్రార్థన అతనికి వినబడే దూరం కాదది. దేవుడు మల్లయ్య నోటితో మాట్లాడాడా అనేది పాస్టరుగారిని అడగండి. నాకు తెలిసింది ఒకటే, ఆ మాటతో నా గుండె కుదుటపడింది. చివరిదాకా నడిచాను, అతుకులన్నీ చేత్తో తడిమి చూశాను, వచ్చేటప్పుడు కూడా తొందరపడకుండా నా పని నేను చేసుకుంటూ వచ్చాను. బయటికొచ్చి చేయి ఊపాను. మల్లయ్య లేచి, వెనక దుమ్ము దులుపుకుని పైకి పోయాడు. కాసేపటికి నీళ్లు హోరుమని దిగాయి, ఆ హోరు పక్కనే నిలబడిన నాకు ఎన్నాళ్లకో ఆకలి వేసింది, అక్కడే కూర్చుని సద్దిగిన్నె విప్పి తృప్తిగా తిన్నాను.

మీలో ఎవరికైనా ఆస్పత్రి మెట్ల మీదో, బతుకులో ఇంకేదో చోటో అడుగు పెట్టలేనంత భయంగా ఉంటే, నన్ను అక్కడి నుంచి తీసెయ్యి అని అడగడంలో తప్పు లేదు, మేమూ అడిగాం. తీసెయ్యకపోతే మాత్రం ఆయన రాలేదనుకోకండి, ఆయన్ను నమ్మి ఒక్క అడుగు లోపలికి వెయ్యండి. ఈ వారమే కాలువ బంద్ చేశారు, రంగు పని మొదలైంది, ఈ ఏడు కూడా చివరగా నడిచేది నేనే. నా కోసం ప్రార్థన చేయండి, బదిలీ కోసం మాత్రం చేయకండి. దేవునికే మహిమ.