అతుకులమ్మ గాలం బేరం

"మీ ఆయనకి చేపలు కావాలా, ఇంట్లోంచి బయటపడటం కావాలా?"

అడిగినవాడు చేపల గాలాల రీళ్ళు బాగుచేసే ముసలాయన. ఎగ్జిబిషన్ హాల్లో అందరికంటే చివర, మరుగుదొడ్ల పక్కన, మడత బల్ల వేసుకుని కూర్చున్నాడు. అడిగించుకున్నది అతుకులమ్మ. ఆవిడ, "ఆయన ఇంట్లోంచి బయటపడటం నాకు కావాలి," అంది.

అతుకులమ్మ అనేది ఆసుపత్రిలో పెట్టిన పేరు. అక్కడి బట్టల గదిలో ఆవిడ ముప్పై ఏళ్ళుగా చిరిగిన దుప్పట్లకీ, దిండు గలేబులకీ, డాక్టర్ల ఆకుపచ్చ అంగీలకీ అతుకులు వేస్తోంది. కిటికీ లేని గది, నాలుగు కుట్టు మిషన్లు, మూలన ఉతికొచ్చిన బట్టల గుట్ట. ఆవిడ వేసిన అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా దొరకదని నర్సులు చెబుతారు. అది అతిశయోక్తి. నేను తడిమి చూశాను, దొరుకుతుంది. కానీ ఊడదు.

భర్త లిఫ్టు మెకానిక్కు. రెండేళ్ళ కిందట రిటైరయ్యాడు. రిటైరైన మగవాడికి ఏదో ఒక వ్యాపకం ఉండాలని అందరూ సలహా ఇస్తారు. ఆ వ్యాపకం ఇంట్లో ఎవరి నెత్తిన పడుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. ఈయన వ్యాపకం రిపేర్లు. పొద్దున ఆవిడ డ్యూటీకి వెళ్ళేటప్పుడు మోగిన కాలింగ్ బెల్లు, మధ్యాహ్నం వచ్చేసరికి న్యూస్‌పేపరు మీద ముక్కలై పరుచుకుని ఉండేది.

"బాగానే మోగుతోందిగా! ఎందుకు విప్పారు?"

"ఎందుకు మోగుతోందో చూద్దామని."

గోడ గడియారం, మిక్సీ, ఇస్త్రీపెట్టె, అన్నీ ఆ దారినే పోయాయి. అలాంటి రోజుల్లో ఆయన తమ్ముడు, జిరాక్సు షాపు నడిపే మనిషి, అన్నగారిని గుడారాల ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్ళాడు. ఏడాదికోసారి మూడు రోజులు జరిగే సంత అది. గుడారాలు, రబ్బరు పడవలు, బురదలో తిరిగే బూట్లు, మడతపెట్టే పొయ్యిలు, చేపలు పట్టే సరంజామా, ఒకటేమిటి, ఇంటి బయట పడుకోవడానికీ తినడానికీ తడవడానికీ కావలసినవన్నీ అమ్ముతారు. తమ్ముడికి ఆదివారం వస్తే రిజర్వాయరు గట్టే లోకం. అన్నని కూడా అందులోకి దింపాలని అతని సరదా.

అన్న దిగాడు. "కొత్తగా మొదలుపెట్టేవారి కోసం" అని రాసిన పెట్టె ఒకటి నాలుగు వేలకి కొన్నాడు. జేబులో అంత లేకపోతే తమ్ముడే ఇచ్చాడు, తర్వాత తీర్చమన్నాడు. మూత మీద తండ్రీ కొడుకులు నవ్వుతూ, ఆ పెట్టెలో ఏ మూలా పట్టనంత చేపని ఎత్తి చూపిస్తున్నారు. లోపల మూడు ముక్కల గాలం కర్ర, రీలు, బెండ్లు, సీసపు గుండ్లు, రంగురంగుల ఉత్తుత్తి చేపలు, ఇంకా ఎందుకున్నాయో ఎవరికీ తెలియని సామాన్లు బోలెడు.

సెట్టుతో వచ్చిన నైలాన్ తీగ మొదటి రోజే ఉంగరాలు తిరిగి చిక్కుపడింది. దాన్ని కత్తిరించి పారేసి, ఆయన కొత్త తీగ కొని తెచ్చాడు. అతుకులమ్మ తన చేత్తో, వరస తప్పకుండా, రీలుకి చుట్టిపెట్టింది.

ఇక ఆదివారాలు మొదలయ్యాయి. తమ్ముడు విసిరితే గుండు గాల్లో తేలుతూ పోయి, నాచు దాటి లోతు నీళ్ళలో పడేది. అన్న విసిరితే బావి గట్టు మీంచి చెంబు జారినట్టు, ఎదురుగానే బుడుంగున పడేది.

"అన్నయ్యా, చేపలు పడుతున్నావా, కాళ్ళు కడుక్కుంటున్నావా?" అనేవాడు తమ్ముడు. గట్టు మీద అందరూ నవ్వేవారు. చేపలు పట్టడం ఓర్పు నేర్పుతుందని, మనసుని తేటపరుస్తుందని రాసేవాళ్ళు ఆ గట్టు మీద ఒక్క ఆదివారం కూర్చోవాలి. అక్కడ పక్కవాడి బుట్టలోకి తొంగిచూడనివాడు లేడు.

దూరం పోవడం లేదని ఆయన ఇంకాస్త పెద్ద గుండు కట్టాడు. ఆ తర్వాత అంతకంటే పెద్దది. ఒళ్ళంతా విల్లులా వంచి విసిరేవాడు. ఇంటికొచ్చి భుజానికి మందు రాసుకునేవాడు. అతుకులమ్మ కూడా ఊరుకోలేదు. "ముప్పై ఐదేళ్ళు లిఫ్టుల్ని పైకి పంపారు. ఒక్క గుండుని ముందుకి పంపలేరా?" అంది. ఒకసారి కాదు, నవ్వు వచ్చినన్నాళ్ళూ అంది.

కొన్నాళ్ళకి మోకాళ్ళ నొప్పులన్నాడు. తర్వాత ఎండన్నాడు. పెట్టె బీరువా మీదికెక్కింది. కాలింగ్ బెల్లు మళ్ళీ కిందికి దిగింది. ఈసారి ఆయన దాన్ని విప్పాడు గానీ బిగించలేదు. ముక్కలు అలాగే పేపరు మీద వదిలేసి, కుర్చీలో కూర్చుని వీధివైపు చూస్తూ ఉండేవాడు. అతుకులమ్మకి అప్పుడు భయం వేసింది. విప్పే మొగుణ్ణి భరించవచ్చు. విప్పింది విప్పినట్టే వదిలేసే మొగుణ్ణి ఎలా బాగుచేయాలో ఆవిడకి తెలియలేదు.

ఏడాది తిరిగింది. "ఆ సెట్టు తమ్ముడికిచ్చేస్తున్నా. సగం ధర కట్టుకుంటానన్నాడు. బాకీలో రెండు వేలు తగ్గుతుంది. ఆదివారం సాయంత్రం వచ్చి పట్టుకుపోతాడు," అన్నాడు ఒక రాత్రి అన్నం తింటూ. పెట్టె పోతే ఈ మనిషి ఇక గడప దాటడని ఆవిడకి అర్థమైంది. ఆ ఆదివారమే గుడారాల ఎగ్జిబిషన్ ఆఖరి రోజు. ఓవర్‌టైం డబ్బులు రెండున్నర వేలు తీసుకుని, రీలుని చేతిరుమాల్లో చుట్టి సంచిలో వేసుకుని, చెల్లెలి ఇంటికని చెప్పి బయల్దేరింది. సామాను చెత్తదా, మనిషి చేతకానివాడా, ముందది తేలాలి. సామానుదే తప్పయితే చవకలో ఇంకోటి కొనాలి.

మొదటి స్టాల్లో ఒంటినిండా జేబులున్న కోటు వేసుకున్న కుర్రాడు రీలుని రెండు వేళ్ళతో పట్టుకుని చూశాడు. "ఇది పిల్లలాడుకునేది మేడమ్. ఇదిగో, ఇది తీసుకోండి. ఈ ధర ఇవాళే."

"రేపెంత?"

"రేపు ఎగ్జిబిషన్ ఉండదు మేడమ్."

"అందుకే అడుగుతున్నా. మిగిలింది రేపు లారీకెక్కించి మోసుకుపోవాలిగా?"

కుర్రాడు పక్క గిరాకీ వైపు తిరిగాడు.

రెండో స్టాల్లో కర్రలు అమ్ముతున్న ఆవిడ రీలు భేషుగ్గా ఉందని, కర్రే మంచిది కాదని తేల్చేసింది. "కర్ర నేను తేనేలేదు కదమ్మా!" అంటే, "తెచ్చినా అదే చెబుతాను," అంది నవ్వుతూ. ఎర అమ్మేవాడు రీలూ కాదు కర్రా కాదు, వాసన అన్నాడు. ఎవరి దగ్గర ఏ సరుకుంటే లోపం అందులోనే ఉంది. డాక్టర్ల మధ్య ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషికి ఇది కొత్తేమీ కాదు.

అయినా కర్రలు చూసింది. తీగ జారే రింగుల్లోంచి కాస్త దూది లాగి చూసింది. చీలిక ఉంటే పోగు పట్టుకుంటుందని ఆవిడ లెక్క. అది సరైన లెక్కే. ఒక కర్రకి మూడో రింగు దగ్గర దూది చిక్కింది. పద్నాలుగు వందల కర్ర అమ్మకందారు నోటితోనే ఏడు వందలైంది. "పక్కన పెట్టమ్మా, వస్తా," అని ముందుకి నడిచింది. ఆ నడకలో ఠీవి ఉంది. బేరం తెలిసినవాళ్ళకి సగం కష్టం ఇక్కడే. ధర తగ్గిందన్న సంతోషంలో, ఆ వస్తువుతో తనకేం పనన్న సంగతి మరిచిపోతారు.

అలా నడుస్తూ ముసలాయన దగ్గరికి వచ్చింది. ఆయన బల్ల మీద ఆఫర్ల బోర్డు లేదు. విప్పిన రీళ్ళు, నూనె సీసా, టిఫిన్ డబ్బా ఉన్నాయి. తింటూనే విన్నాడు. చవకలో మంచి రీలు ఏదైనా ఉంటే చూడమని ఆవిడ అడిగితే, మొదట చెప్పిన ప్రశ్న వేసి, జవాబు విని, చెయ్యి తుడుచుకుని రీలు అందుకున్నాడు. పిడి తిప్పనైనా తిప్పలేదు.

"తీగ ఎవరు చుట్టారు?"

"నేనే," అంది అతుకులమ్మ, మెచ్చుకుంటాడని.

"నున్నగా చుట్టావమ్మా. సగమే ఎందుకు చుట్టావు?"

"నిండా చుడితే పట్టేయదూ? ముప్పై ఏళ్ళుగా బాబిన్లు చుడుతున్నా. అంచు దాకా నింపితే దారం బిగుసుకుపోతుంది. కొత్తగా వచ్చిన పిల్లలకి నేను మొదట నేర్పేదే అది."

"బాబిన్ తిరుగుతుందమ్మా, దారం పక్కనుంచి వస్తుంది. విసిరేటప్పుడు తీగ చుట్టిన ఈ గిలక తిరగదు. తీగ చుట్టలు చుట్టలుగా దీని అంచు మీంచి దూకాలి. లోపల లోతుగా ఉంటే ప్రతి చుట్టా గోడెక్కి దిగాలి, ప్రతిసారీ రాసుకుంటుంది. ఇంక దూరం ఎక్కడికి పోతుంది?"

ఆవిడ నమ్మలేదు. ముసలాయన విసుక్కుంటూ లేచి, ఒక కర్రకి ఆవిడ రీలు బిగించి, రబ్బరు బిళ్ళ కట్టి హాలు నడవలోకి విసిరాడు. బూట్ల స్టాలు ముందు పడింది. అదే కర్రకి తన బల్ల మీది నిండు గిలక బిగించి మళ్ళీ విసిరాడు. బిళ్ళ బూట్లు దాటి, పడవలు దాటి, ఎర అమ్మేవాడి బోర్డుకి తగిలి టప్పుమంది.

"ఎవడ్రా అది?" అని అటునుంచి కేక వినిపించింది.

"గాలి," అన్నాడు ముసలాయన, తీగ చుట్టుకుంటూ.

అతుకులమ్మకి తల కొట్టేసినట్టయింది. ఆ ఆదివారాలన్నీ గట్టు మీద వాళ్ళూ, ఇంట్లో తనూ ఆయన చేతినే చూశారు. గిలకని చూసినవాళ్ళు లేరు. "ఎంత దాకా నింపాలి?" అంది చివరికి.

"అంచుకి ఒక నాణెం మందం కిందికి. పూర్తిగా నింపినా చిక్కే, నీ బాబిన్ అంత తప్పేం కాదు. మిగిలిన తీగ ఏం చేశావు?"

"గుండీల డబ్బాలో దాచాను."

"అయితే నా దగ్గరేం కొంటావు? ఇది ఊడదీసి, దాచింది అడుగున చుట్టి, దీన్ని ముడేసి పైన చుట్టు. ముడి అడుగునే ఉండిపోతుంది, అడ్డం రాదు. ఆ పెట్టెలో ఆరేడు వస్తువులు తప్ప మిగతావన్నీ పెట్టె నింపడానికే. కావలసినవన్నీ మీ ఇంట్లోనే ఉన్నాయి, వెళ్ళు."

ఊరికే పోవడం బాగుండదని ఆవిడ అరవై పెట్టి గాలాల పొట్లం ఒకటి కొంది. ఏడు వందల కర్ర ఆ స్టాల్లోనే ఉండిపోయింది.

ఇంటికొచ్చేసరికి మరిది వచ్చి కూర్చున్నాడు. పెట్టె దుమ్ము తుడుచుకుని బల్ల మీద ఉంది. అతుకులమ్మ చెప్పులు విడిచి, తిన్నగా వెళ్ళి గుండీల డబ్బా తెచ్చింది.

"వదినా, గుండీలు కుట్టే టైమా ఇది? నేను వెళ్ళాలి."

"కూర్చోవయ్యా. ఇది అమ్మేది కాదు."

"అన్నయ్యే అడిగాడు వదినా, నాకేం..."

"అడిగిన మనిషి చేతికేం రోగం లేదు," అని ఆవిడ రీలు తీసి భర్త ముందు పెట్టింది. "ఏవండీ, గిలక సగమే చుట్టాను. బాబిన్ లెక్కన చుట్టాను. తప్పు మీ చేతిది కాదు, నాది."

 ఆయన కళ్ళజోడు వెతుక్కుని, రీలుని దీపం కిందికి పట్టి, అంచు మీద గోరు ఆనించి చూశాడు. "ఇక్కడ రాసుకుంటోందన్నమాట... ప్రతి చుట్టా," అన్నాడు తనలో తను. తర్వాత, "ఎంత ఖాళీ ఉండాలట?"

"నాణెం మందం."

"ఏ నాణెం?"

"అది అడగలేదు."

తడిగుడ్డ మధ్య తీగ బిగించి ఆవిడ పట్టుకుంది, ఆయన పిడి తిప్పాడు. మరిది మూడు రకాల నాణేలు తీసి అంచు దగ్గర పెట్టి చూశాడు, వెళ్ళాలన్న మాట మరిచిపోయి. చీకటి పడకముందే ముగ్గురూ వీధిలోకి వచ్చారు. ఆయన అలవాటు కొద్దీ, పెట్టెలోకెల్లా పెద్ద గుండు కట్టాడు. అలవాటు కొద్దీ ఒళ్ళంతా వంచి విసిరాడు. ఏడాదిగా తగ్గిన దూరమంతా ఒక్కసారిగా వచ్చినట్టుంది. గుండు పక్కింటి గేటు దాటి, ఆ పక్కింటి గేటు దాటి, వీధి చివర స్తంభం కింద పెట్టిన స్కూటరు అద్దం మీద భళ్ళుమంది.

"అన్నయ్యా! అది నా బండి!"

"ఎంత దూరం ఉంటుందిరా అది?" అన్నాడు అన్న.

కోపం ఆయనకి రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. "ఏడాదంతా లిఫ్టులూ లిఫ్టులూ అని ఎగతాళి చేశావు కదే!" అని ఒక పూట మాట్లాడలేదు. ఆవిడ కిక్కురుమనకుండా పడింది. తర్వాతి ఆదివారం రిజర్వాయరుకి వెళ్ళాడు. చేప ఒక్కటీ పడలేదు. సాయంత్రం తిరిగొచ్చి కాలింగ్ బెల్లు నొక్కితే మోగింది, గురువారమే బిగించాడు. దానికి ఇప్పుడు రెండు స్వరాలున్నాయి, ఎందుకో ఆయన కూడా చెప్పలేడు.

ఆ ఆదివారం రాత్రే అతుకులమ్మ సంచిలో మిగిలిన డబ్బులోంచి రెండు వేలు తీసి, సెట్టుకి ఇస్తానన్న సగం ఇదేనని మరిది చేతిలో పెట్టింది. అతనికి ఇంకా రెండు వేలు ఇవ్వాలి. స్కూటరు అద్దం ఖరీదు అందులో కలపలేదు.