చేతులు మారిన మొక్కు

మా అత్త పోయింది. పోయిన నెల ఒక శుక్రవారం నేను తొమ్మిదో తరగతికి పాఠం చెబుతుంటే స్కూలు ఆయా తలుపు దగ్గర నిలబడి చేత్తో రమ్మని పిలిచింది. ఆఫీసు గదిలో ఫోను పక్కన తీసిపెట్టి ఉంది. అవతల అమ్మ. "అత్త పొయింది పాపా. అన్నానికి లేపితే లేవలే," అంది. సరే అని ఫోను పెట్టేసి మళ్ళీ క్లాసులోకి వెళ్ళాను. మిగిలిన నాలుగు లైన్లూ బోర్డు మీద రాసి అప్పుడు ఇంటికి బయల్దేరాను. 

అత్త అంటే మా నాన్నకు అక్క. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోతే చింతాద్రిపేటలోని మా ఇంటికి వచ్చేసింది. మళ్ళీ ఎక్కడికీ పోలేదు. ఈ దశాబ్దం మొదట్లో, ఊరి పేరు ఇంకా మద్రాసుగానే ఉన్న రోజుల్లో, నాన్నకు మూత్రపిండాలు రెండూ చెడిపోతే తనదొకటి ఇచ్చింది. అది నాన్న ఒంట్లో మూడేళ్ళు కూడా పనిచేయలేదు. చాలా ఏళ్ళు పనిచేయవలసిందని డాక్టరే అన్నాడు. ఎందుకు చేయలేదో తెలిసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే. అమ్మకు కూడా పూర్తిగా తెలియదు. అమ్మ ఇది చదువుతుంది. చదవనీ.

నాన్న పురసవాక్కంలో ఒక బట్టల కొట్లో చీరలు చూపించే పని చేసేవాడు. ఫాల్ కుట్టవలసిన చీరలు సాయంత్రం సంచిలో మా ఇంటికి వచ్చేవి. అత్త కిటికీ కింద కాళ్ళు చాపుకుని కూర్చుని, అంచును మోకాలి మీద పరుచుకుని కుట్టేది. కుట్టు పైకి కనిపించిందంటే విప్పేసి మళ్ళీ కుట్టేది. "ఎవురికి కనబడతాది అత్తా?" అంటే, "నాకు కనబడింది గదా, చాలదా?" అనేది. దారం తను పళ్ళతో కొరికేది కానీ నన్ను కొరకనిచ్చేది కాదు. నా పళ్ళు పెళ్ళిచూపులకు కావాలట. ఆ మాటకు నేను ఉడుక్కుంటే ఇంకో నాలుగు మాటలు కలిపి ఏడిపించేది.

నాన్న ముఖం నిండుగా అవుతుంటే మేమంతా ఒళ్ళు చేశాడని సంబరపడ్డాం. కొట్లో వాళ్ళు కూడా ఆటపట్టించారట. అది ఒళ్ళు కాదు, నీరు. ఆ సంగతి తెలిసేసరికి ఆయన నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే స్థితికి వచ్చాడు. తర్వాత వారానికి రెండుసార్లు ఆస్పత్రిలో రక్తం శుభ్రం చేయించడం మొదలైంది. సూది గుచ్చే చెయ్యి ఉబ్బి, తాకితే లోపల జుమ్మని కదిలేది. దానిమీద చెయ్యి పెట్టి చూడమని నాన్న నవ్వుతూ అనేవాడు. నేను పెట్టేదాన్ని కాదు.

ఇంట్లో ఎవరైనా ఇవ్వగలరేమో చూడమన్నారు. అమ్మది కలవలేదు, అత్తది కలిసింది. ఇంటికి వెళ్ళి ఆలోచించుకుని రమ్మని డాక్టరు అంటే, "ఆలోచించేదానికి ఏముండాది సార్? చిన్నప్పుడు వాడు నా తట్టలోనే తినినాడు. రెండు ఇడ్లీలుంటే ఒకటి వాడిదే," అంది అత్త. డాక్టరు నవ్వాడు. మేమూ నవ్వాం.

ఇంటికి రాగానే అత్త కాళ్ళు కడుక్కుని, సుబ్రహ్మణ్యస్వామి పటం ముందు పసుపు గుడ్డలో రూపాయి ముడుపు కట్టింది. "మా వాడు లేచి తిరిగినాడంటే, నా ప్రాణం ఉన్నన్నాళ్ళూ ప్రతి కృత్తికకూ పచ్చినీళ్ళు కూడా ముట్టకుండా ఒక్కపొద్దు ఉంటా సామీ," అని పైకే మొక్కుకుంది. కృత్తిక నక్షత్రం నెలకొకసారి వస్తుంది. ఉపవాసాన్ని మా ఇళ్ళలో ఒక్కపొద్దు అంటారు. ఆ మొక్కు విన్నప్పుడు మాకెవ్వరికీ భయం వేయలేదు. దేవుడిని కూడా మా పక్కకు తెచ్చుకున్నామనే అనుకున్నాం.

ఆపరేషను బాగానే జరిగింది. అక్కాతమ్ముళ్ళను వేరువేరు గదుల్లో పెట్టారు. అటూ ఇటూ కబుర్లు మోయడం నా పని. నాన్న "అక్క ఎట్టుండాది?" అని అడిగేవాడు. అత్త మాత్రం ప్రతిసారీ ఒకటే ప్రశ్న, "వాడు పోసినాడా?" మూత్రం పోశాడని చెప్పగానే కళ్ళు మూసుకుని హాయిగా నిద్రపోయేది. ఇంటికి వచ్చాక నాన్న ఎప్పుడైనా విసుక్కుంటే, "నాది లోపలికి పొయినాక నా కోపం కూడా వచ్చినట్టుండాదే నీకు," అని ఎగతాళి చేసేది. అంతే తప్ప నేనిచ్చాను అన్న మాట ఆమె నోట నేను వినలేదు. చూడవచ్చినవాళ్ళు ఎత్తితే, "ఇచ్చినాక అది వాడిది. ఆ మాట విడండి," అనేది.

ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు రెండు మాటలు గట్టిగా చెప్పి పంపారు. ఒకటి నాన్నకు. పొద్దున ఎనిమిదింటికీ సాయంత్రం ఎనిమిదింటికీ మందు ఒక్క పూట కూడా తప్పకూడదు. తప్పితే ఒళ్ళు ఆ మూత్రపిండాన్ని పరాయిదని తోసేస్తుంది. అది నూనెలాంటి మందు. సిరంజితో కొలిచి, గాజు గ్లాసులో పాలలో కలిపి తాగాలి. చెడ్డ వాసన. పొద్దున పూట అత్తే కలిపి ఇచ్చేది. రెండో మాట అత్తకు. ఇక మీకున్నది ఒక్కటే, నీళ్ళు బాగా తాగాలి, ఒంటిని ఎండగట్టకూడదు అన్నారు.

అత్త వింటేగా? మొదట వచ్చిన కృత్తిక నాడు పచ్చినీళ్ళు ముట్టలేదు. మధ్యాహ్నానికి కుళాయి దగ్గర కళ్ళు తిరిగి పడింది. మోచెయ్యి చీరుకుంది. నాన్న ఆమెను ఎత్తి కూర్చోబెట్టి, అక్కడే ఏడ్చేశాడు.

మా కుటుంబాల్లో ఒక వాడుక ఉంది. ఒక కడుపున పుట్టినవాళ్ళు మొక్కును చేతులు మార్చుకోవచ్చు. మొక్కినవాళ్ళ చేతిలోంచి ముడుపును రెండోవాళ్ళు తడిబట్టతో అందుకుంటే, అప్పటినుంచి ఆ మొక్కు వాళ్ళది. నాన్న స్నానం చేసి తడిపంచెతో వచ్చి చెయ్యి చాపాడు. "నీ మొక్కు నేను పడతానక్కా. నువ్వు నీళ్ళు తాగు," అన్నాడు. అత్త ముడుపు ఇవ్వడానికి చాలాసేపు ఒప్పుకోలేదు. చివరికి, "అన్నం మానుకో, పో. పాలూ మందూ మానేస్తివా, నా మీద ఒట్టే," అంది. "సరి అక్కా," అన్నాడు నాన్న. ముడుపు ఆయన చేతిలో పడింది.

తర్వాతి కృత్తిక నాడు అత్త మందు కలిపి గ్లాసు నాన్న చేతికిచ్చి గుడికి వెళ్ళింది. అమ్మ వంటింట్లో ఉంది. నేను జడ వేసుకుంటూ చూస్తుండగానే నాన్న ఆ గ్లాసు తీసుకెళ్ళి, వాడిన నీళ్ళు బయటికి పోయే జలదారిలో పారబోశాడు. రెండు చెంబుల నీళ్ళు పోశాడు. తిరిగి చూస్తే నేను.

"అత్తకు చెప్పబాక పాపా," అన్నాడు. "పాలు తాగితే ఒక్కపొద్దు చెడిపోతాది. మొక్కు తప్పితే అది అక్క మీదికి పోతాది. ఉండేది ఒక్కటే గదా ఆమెకు. సాయంత్రం మందు తాగతా లే. ఒక్క పూటకు ఏమీ కాదు."

నాకప్పుడు పదహారేళ్ళు. సైన్సులో ఎప్పుడూ మంచి మార్కులే. అయినా నమ్మాను. నాన్న చెప్పాడని నమ్మాను, అత్తకు ఏమైనా అవుతుందేమోనని నమ్మాను, దేవుడితో తగాదా ఎందుకని నమ్మాను. తల ఊపి జడకు రిబ్బను కట్టుకుని బడికి వెళ్ళాను.

అప్పటినుంచి గోడ మీది క్యాలెండరులో కాగితం చింపాలంటే భయంగా ఉండేది. కృత్తిక ఎప్పుడని ముందే వెతికి చూసుకునేదాన్ని. ఆ పొద్దున నాన్న మిగతా రోజులకంటే హుషారుగా ఉండేవాడు. అత్త గుడికి బయల్దేరేది. జలదారిలో నీళ్ళ చప్పుడు వినబడేది. నేను పుస్తకం తెరిచి పెట్టుకుని ఒక్క ముక్కా చదివేదాన్ని కాదు. సాయంత్రం దీపం పెట్టాక నాన్న అన్నం తినేవాడు. అందరం బాగానే ఉన్నాం. అలా నెలలు గడుస్తుంటే నాకు ధైర్యం రావలసింది, రాలేదు.

రెండో ఏడాది దాటాక రక్తపరీక్షలో అంకె కొద్దిగా పెరిగింది. డాక్టరు కాగితాన్ని రెండుసార్లు చూసి, "చూద్దాం, మళ్ళీ నెల రండి," అన్నాడు. మళ్ళీ నెలకు ఇంకొంచెం పెరిగింది. "మందు సరిగ్గా వేసుకుంటున్నారు కదా?" అని అడిగితే, "వేసుకుంటున్నా సార్," అన్నాడు నాన్న. బస్సులో వస్తూ నాతో మెల్లగా, "నా ఒక్కపొద్దులో ఏదో కొరత ఉండాది పాపా," అన్నాడు.  ఆ మాట అన్నప్పుడే నేను నోరు తెరవవలసింది.

ఆ ఏడు దీపావళి వెళ్ళగానే, తమిళుల ఐప్పసి నెలలో, సుబ్రహ్మణ్యస్వామి స్కందషష్ఠి వచ్చింది. ఆరు రోజులు. కొరత తీర్చుకోవడానికి నాన్న ఆ ఆరు రోజులూ ఒక్కపొద్దు పట్టాడు. పండూ పాలూ తీసుకుంటున్నానని అత్తతో, అమ్మతో చెప్పాడు. ఆరు పొద్దుల మందూ జలదారిలోకి పోయింది. నాలుగో రోజుకు జ్వరం తగిలింది. ఆరో రోజు పొద్దున అత్త ఆయన కాలు పట్టుకుని చూసింది. ముంగాలి మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడింది, పైకి లేవలేదు. మేమంతా దాన్నే చూస్తూ నిలబడ్డాం.

"అత్తా, నాన్న ఆరు రోజులుగా పొద్దుటి మందు తాగలేదు," అన్నాను. ఆరు రోజులు అన్నాను. అంతకుముందు కృత్తికల సంగతి చెప్పలేదు.

అత్త అరవలేదు. దేవుడి గూటిలోంచి ముడుపు తీసి పళ్ళతో ముడి కొరికి విప్పింది. రూపాయి నేల మీద పడి ఎటో దొర్లిపోయింది. చెంబుతో నీళ్ళు తెచ్చి పటం ముందు నాన్న చేత తాగించి, మిగిలినవి తను తాగింది. "అయిపోయింది. ఒక్కపొద్దు లేదు, ఏమీ లేదు. ఆటో పిలవండి," అంది.

ఆస్పత్రిలో డాక్టరు మళ్ళీ అడిగాడు. ఈసారి అత్త, "ఆరు రోజులు తప్పింది సార్," అంది. "అంతకుముందు?" అన్నాడాయన. నాన్న కళ్ళు మూసుకున్నాడు. నేను నేల వైపు చూశాను.  ఆయన ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. మూడు రోజులు పెద్ద పెద్ద ఇంజెక్షన్లు ఇచ్చారు. అత్త బయట బల్ల మీద కూర్చుని వచ్చిన ప్రతి నర్సునూ, "పోసినాడామ్మా?" అని అడిగేది. ఆఖరికి ఒక నర్సు ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. దాంతో అత్త అడగడం మానేసింది.

నాన్న మళ్ళీ సూదుల దగ్గరికి వెళ్ళాడు. ఏడాది కాకముందే పోయాడు.

అత్త తర్వాత కూడా ఫాల్ కుట్టింది, నన్ను బి.ఎడ్. చదివించింది. కృత్తిక నాడు మాత్రం తెల్లారగానే పటం ముందు నిలబడి చెంబెడు నీళ్ళు గటగటా తాగేది. అది దేవుడి మీద కోపమో, తన మీద కోపమో నాకు అర్థం కాలేదు. నాన్న పోయినందుకు నన్ను ఒక్క మాట అనలేదు. నా తప్పు ఆ ఆరు రోజులదేనని ఆమె నమ్ముతోందని నేను అనుకున్నాను. ఆమె నన్ను మంచిగా చూసిన ప్రతిసారీ దొంగసొమ్ము తింటున్నట్టు ఉండేది.

ఈ ఎండాకాలం ఆమె గుండె నీరసించింది. ఎక్కువసేపు చాప మీదే ఉండేది. పోవడానికి మూడు వారాల ముందు, ఒక ఆదివారం మధ్యాహ్నం, అమ్మ ఇంట్లో లేని సమయం చూసి చెప్పేశాను.

"అత్తా, ఆరు రోజులు కాదు. ముడుపు మార్చుకున్నాక వచ్చిన మొదటి కృత్తిక నుంచే. నాకు అప్పటినుంచీ తెలుసు."

అత్త పైన ఫ్యాను వంక చూస్తూ ఉంది. "నాకూ తెలుసు," అంది.

నాకు అర్థం కాలేదు.

"ఆ పొద్దే తెలుసు. గుడి నించి వచ్చి కాళ్ళు కడగతా ఉంటే జలదారిలో నూనె చుక్కలు తేలతా ఉండె. ఆ వాసన నాకు తెలీదా, నేను కలిపిన మందే గదా?"

"మరి అడగలేదే?"

"అడిగితే తాగేస్తాడు. తాగితే మొక్కు పోతాది. మొక్కు పోతే వాడు పోతాడని భయం." కొంచెంసేపు ఊపిరి తీసుకుంది. "ప్రతి కృత్తికకూ నేనే కలిపి ఇచ్చి, నేనే బయటికి పోతా ఉంటిని పాపా. వాడు పారబోసేదానికి దోవ ఇచ్చి. ఆ డాక్టరు అంతకుముందు అని అడిగినప్పుడు నువ్వు నేలను చూస్తివి. నేను గోడను చూసినా."

నేను ఏడుస్తున్నాను. ఆమె ఏడవలేదు. చాప మీద కొంచెం జరిగి, "రా, ఈడ పండుకో," అంది. పక్కన పడుకుంటే నా వైపు తిరిగి, ఎడమ పక్క, డొక్క కింద చెయ్యి పెట్టింది. తనకు కోసిన చోటే అది. వేళ్ళతో మెల్లగా నొక్కి చూసింది.

"రెండూ ఉండాయా నీకు?"

"ఉండాయి అత్తా."

"ఎవురికోసమూ మొక్కబాక," అంది.

కాసేపటికి నిద్రపోయింది. చెయ్యి తీయలేదు. బయట ఎవరో తలుపు కొట్టి, పలకకపోతే వెళ్ళిపోయారు. నేను లేవలేదు. నా ఊపిరికి ఆ చెయ్యి లేస్తూ, దిగుతూ ఉంది.